బొమ్మ సగమే చూపించండి: బడి తెరకు కొన్ని తలకిందుల సలహాలు

ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు పనుల తర్వాత ఉన్నత పాఠశాలల గోడలకు ఐఎఫ్‌పీలు (ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు) ఎక్కాయి, ప్రాథమిక బడులకు స్మార్ట్ టీవీలు వచ్చాయి. తెలంగాణ బడులకు టీ-శాట్ పాఠాలు అందుతున్నాయి, రెండు చోట్లా పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి దీక్ష పోర్టల్‌లో వీడియో తెరవొచ్చు. వీటిని ఎలా వాడాలో నేర్పే శిక్షణల్లో వినిపించేది దాదాపు ఒకే పాట: పాఠాన్ని రంగుల్లో పెట్టండి, కదిలించండి, సంగీతం కలపండి, పిల్లలు తెరకు అతుక్కుపోతారు. నేను చెప్పబోయేవి దానికి పూర్తిగా ఎదురు సలహాలు. మొదటిసారి చదివినవాళ్లకు ఇవి పాఠం చెడగొట్టే పద్ధతుల్లా కనిపిస్తాయి. అయినా ప్రతి మాటా మనస్ఫూర్తిగానే చెబుతున్నాను. పిల్లాడి కళ్లు తెర మీద ఉంటే చాలు, పాఠం వాడి బుర్రలోకి వెళ్తోందని నమ్మడం మనకు బాగా అలవాటైపోయింది.

ఈ నమ్మకం పాతది. పుస్తకాలకు కాలం చెల్లుతుందని, ఇక పాఠాలన్నీ సినిమాలే చెబుతాయని ఎడిసన్ 1913లోనే అన్నాడు. మన దగ్గర 1975 ఆగస్టులో సైట్ ప్రయోగం మొదలైంది. నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఇస్రో ఏడాదిపాటు 6 రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు చేర్చింది, ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు తెలుగులోనే కార్యక్రమాలు వచ్చేవి. ఎంతో శ్రద్ధగా చేసిన పని అది. తర్వాత 2004లో ఎడ్యుశాట్ ఉపగ్రహం, ఆ తర్వాత ట్యాబులు, ప్యానెళ్లు. పరికరం మారినప్పుడల్లా తెర మీద ఏం చూపించాలన్న దాని గురించే మాట్లాడుకున్నాం. చూస్తున్నంతసేపూ పిల్లలు ఏం చేయాలన్నది మాత్రం అడగలేదు. కింద ఉన్న సలహాలన్నీ ఆ ప్రశ్న నుంచి పుట్టినవే.

అందంగా చేయకండి

బొమ్మలు, స్లైడ్లు చేసుకునే కాన్వా తెరవగానే టెంప్లేట్లు వరసగా కనిపిస్తాయి. ఉపాధ్యాయులకు దాని విద్యా ఖాతా ఉచితం కాబట్టి అన్నీ మనవే. పచ్చటి ఆకుల అంచు, మూలన నవ్వే సూర్యుడు, కింద పుస్తకం పట్టుకున్న గుడ్లగూబ. కిరణజన్య సంయోగక్రియకు ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. టెంప్లేటు ఎంచుకున్నాక చేయాల్సిన మొదటి పని అందులో ఉన్నవన్నీ చెరిపేయడం. తెల్లటి పేజీ మిగలాలి. దాని మీద ఆకు అడ్డుకోత ఒక్కటి పెట్టండి. నవ్వే సూర్యుడు ఎందుకు వద్దంటున్నానంటే, ఆ పాఠంలో సూర్యుడికి నిజంగానే పని ఉంది. వెలుగు ఎటునుంచి పడుతోందో పిల్లలు చూడాలి. అలంకారానికి పెట్టిన సూర్యుడూ, పాఠంలో పనిచేసే సూర్యుడూ ఒకే తెర మీద ఉంటే, ఏది లెక్కలోకి తీసుకోవాలో ఏడో తరగతి పిల్లకు ఎలా తెలుస్తుంది?

ఇందులో నా అభిరుచి ఒక్కటే లేదు. షానన్ హార్ప్, రిచర్డ్ మేయర్ 1998లో మెరుపు ఎలా పుడుతుందో వివరించే పాఠాన్ని రెండు రకాలుగా ఇచ్చి చూశారు. ఒకదాంట్లో విషయం మాత్రమే ఉంది. రెండోదాంట్లో పిడుగుపాటుకు గురైనవాళ్ల కబుర్లు, ఫొటోలు, వినడానికి ఆసక్తిగా ఉండేవి కలిపారు. కబుర్లు కలిపిన పాఠం చదివినవాళ్లకే అసలు కారణం తక్కువ గుర్తుంది, కొత్త ప్రశ్నకు దాన్ని వాడటం ఇంకా తక్కువ చేతనైంది. ఆసక్తి పెంచాలని వేసిన దినుసులే పాఠాన్ని తినేశాయి. నేపథ్య సంగీతం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. పాఠం సంగీతం గురించి అయితే తప్ప దాన్ని తీసేయండి.

భాగాల పేర్లు బొమ్మ పక్కన 1, 2, 3 అని వేసి కింద పట్టికలో రాయకండి. పత్రరంధ్రం అన్న మాట పత్రరంధ్రం పక్కనే ఉండాలి. చూపు పైకీ కిందికీ తిరిగేసరికి పిల్లల ఓపిక అయిపోతుంది. ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాక రెండు భాషల పేర్లూ ఒకేసారి తెర మీద పెట్టే అలవాటు వచ్చింది. పుస్తకంలో ఎదురెదురు పేజీలు బాగానే పనిచేస్తాయి, పిల్ల తనకు కావలసిన వైపు చూసుకుంటుంది. తెర మీద అలా పెడితే గజిబిజి అవుతుంది. ముందు తెలుగు పేరు, ఆ భాగం ఏం చేస్తుందో తెలిశాక ఇంగ్లీషు పేరు. రెంటి మధ్య ఒక పీరియడ్ తేడా ఉన్నా నష్టం లేదు.

కదిలే బొమ్మ ఉన్నా ఆగిన బొమ్మే పెట్టండి

యానిమేషన్ చూస్తున్నప్పుడు ఇప్పుడు కనిపించినది మరుక్షణం ఉండదు. పిల్ల దాన్ని మనసులో పట్టుకుని ఉంచుకోవాలి, ఈలోపు తర్వాతి ముక్క వచ్చేస్తుంది. కాగితం మీద నాలుగు బొమ్మలు పక్కపక్కన ఉంటే, మొదటి బొమ్మకీ రెండోదానికీ మధ్య ఏం జరిగి ఉంటుందో తనే కదిలించుకోవాలి. ఆ కదిలించుకోవడమే నేర్చుకోవడం. మేయర్, హెగార్టీ, వారి సహచరులు 2005లో మెరుపు, టాయిలెట్ ట్యాంకు, సముద్రపు అల, కారు బ్రేకు అనే నాలుగు విషయాలు తీసుకుని, మాటలతో కూడిన యానిమేషన్‌నూ, వివరణ రాసిన కాగితపు బొమ్మలనూ పోల్చారు. ఒక్క పరీక్షలో కూడా యానిమేషన్ పైచేయి సాధించలేదు. తేడా కనిపించిన చోట్ల కాగితమే గెలిచింది.

తుపాను పాఠం తీసుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. మేఘాలు గిర్రున తిరుగుతూ తీరానికి వచ్చే వీడియోలు ఎన్నో ఉంటాయి, అవి చూసి పిల్లలు హో అంటారు, అక్కడితో సరి. దానికి బదులు, ఆ తుపాను ఉపగ్రహ చిత్రాలు కొన్ని, గంటల తేడాతో తీసినవి, ప్రింటు వేసి బెంచీకొకటి ఇవ్వండి. తారీఖు, సమయం కొట్టేయండి. ముందు వరసలో పేర్చమనండి. పేర్చాక, తర్వాతి చిత్రంలో కన్ను ఎక్కడ ఉంటుందో పెన్సిలుతో చుక్క పెట్టమనండి. మన వైపు తుపానులు గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిరుగుతాయని చెప్పి, కన్ను విశాఖ మీదికి వస్తున్నప్పుడు భీమిలి వైపు గాలి సముద్రం నుంచి వీస్తుందా, నేల మీంచి వీస్తుందా, మరి కాకినాడ వైపో అని అడగండి. భీమిలికి సముద్రపు గాలి, కాకినాడకు నేల గాలి అన్నది పిల్లలే బాణాలు గీసి తేల్చేస్తారు. ఉప్పెన ఎటు ఎక్కువ వస్తుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ తర్వాత వీడియో వేయండి. అప్పుడు వాళ్లు దాన్ని తమ చుక్కలతో సరిచూసుకుంటారు.

కదలిక తప్పనిసరైన చోట్లు ఉన్నాయి, వాటిని కాదనను. గుండె కవాటాలు ఏ క్షణంలో ఏది మూసుకుంటుందో, కణం ఎలా రెండవుతుందో, చేత్తో చేసే పని ఏ వరసలో సాగుతుందో చూపడానికి వీడియోకు సాటి లేదు. అక్కడ కూడా ప్రతి మలుపు దగ్గరా ఆపండి. ఆపే బటన్ టీచరు చేతిలో కంటే పిల్లల చేతిలో ఉంటే ఇంకా మంచిది.

ముందు తప్పు చెప్పండి

అన్నింటిలోకీ వినడానికి దారుణంగా ఉండే సలహా ఇదే, నాకు అన్నింటికంటే ముఖ్యమైనదీ ఇదే. వీడియో మొదట్లోనే తప్పు సమాధానం చెప్పించండి. అదీ నమ్మబలికేలా, పిల్లల భాషలో.

సైన్సు వీడియోలతో ప్రపంచానికంతా తెలిసిన వెరిటాసియం సృష్టికర్త డెరెక్ ముల్లర్ 2008లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో సమర్పించిన పీహెచ్‌డీ ఈ విషయం మీదే. భౌతికశాస్త్రాన్ని స్పష్టంగా, సూటిగా వివరించే వీడియో చూసిన విద్యార్థులు చాలా బాగుంది, అర్థమైంది అన్నారు. పరీక్ష పెడితే ముందు రాసిన తప్పులే మళ్లీ రాశారు. పైగా ఇంకాస్త ధీమాగా రాశారు. ఇద్దరు మాట్లాడుకుంటూ, ఒకరు మామూలుగా జనం అనుకునే తప్పును బయటపెట్టి, రెండోవారు దాన్ని విప్పదీసే వీడియో చూసినవాళ్లు మాత్రం తికమకగా ఉందన్నారు. నేర్చుకున్నది వీళ్లే. స్పష్టమైన వీడియో చూస్తున్నంతసేపూ పిల్ల తన పాత ఊహనే వింటుంది, ఎదురుగా వేరే మాట వస్తోందని గమనించదు. తన ఊహ తన చెవిన పడి, అది కాదని తేలినప్పుడే ఉలిక్కిపడి చూస్తుంది.

ఋతువుల పాఠం దీనికి సరైన చోటు. వేసవిలో ఎందుకు ఎండ ఎక్కువ అని అడిగితే, భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుంది కాబట్టి అని తరగతిలో సగానికి సగం అంటారు. ఆ తప్పు వాళ్లకు ఎక్కడినుంచి వచ్చింది? చాలావరకు మనం చూపించిన బొమ్మ నుంచే. భూకక్ష్యను పక్కనుంచి చూసినట్టు సాగదీసి, కోడిగుడ్డు ఆకారంలో గీసిన బొమ్మ అది. చూసినవాళ్లు భూమి ఒక చోట సూర్యుడిని ఆనుకుని, మరో చోట చాలా దూరంగా పోతుందనే అనుకుంటారు. నిజానికి భూమి సూర్యుడికి అత్యంత దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో, అంటే లంబసింగిలో, ఆదిలాబాద్‌లో జనం చలిమంటలు వేసుకునే రోజుల్లో. అప్పటి దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. జూలై మొదట్లో అది 15.2 కోట్లు.

వీడియో ఇలా చేయండి. ఇద్దరు పిల్లలు మాట్లాడుకుంటారు. ఒకరు, పొయ్యి దగ్గరికి జరిగితే వేడి పెరగదా, భూమి కూడా అంతే అంటారు. రెండోవారు తలూపుతారు. అక్కడ వీడియో ఆగిపోతుంది, తరగతిలో చేతులెత్తమని అడుగుతారు. ఎవరినీ సరిదిద్దకండి. ఇప్పుడు ప్యానెల్ మీద జియోజీబ్రా సాఫ్ట్‌వేర్ తెరిచి భూకక్ష్యను అసలు కొలతలతో గీయించండి. అడ్డంగా మీటరు వెడల్పున గీస్తే నిలువునా తగ్గేది మిల్లీమీటరులో ఏడో వంతు. పెన్సిలు గీత మందం అంతకంటే ఎక్కువ. అంటే కంటికి అది గుండ్రటి వలయమే, సూర్యుడు మాత్రం మధ్యనుంచి కాస్త పక్కకు జరిగి ఉంటాడు. మరి వేసవి ఎలా వస్తోంది అన్న ప్రశ్న ఇప్పుడు పిల్లలదవుతుంది. 23.5 డిగ్రీల వంపు గురించి చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం రాదు. మనకు చలికాలంలో ఆస్ట్రేలియాలో వేసవి ఎందుకన్నది కూడా వాళ్లే అడుగుతారు.

ఒక జాగ్రత్త ఉంది. గంట కొట్టడానికి పది నిమిషాల ముందు దీన్ని మొదలుపెట్టకండి. తప్పు దగ్గర ఆగి పీరియడ్ అయిపోతే తప్పే ఇంటికి వెళ్తుంది.

ఏ తప్పులు ఎంచుకోవాలో తెలియకపోతే పోయిన ఏడాది జవాబు పత్రాలు తీయండి. సిరల్లో రక్తం నీలంగా ఉంటుందని రాసినవాళ్లు దొరుకుతారు, పటంలో నీలం రంగు వేసింది మనమే మరి. గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత ఉంటుందని రాసినవాళ్లు ఉంటారు. మెర్కేటర్ పటంలో అలాగే కనిపిస్తుంది, అసలు ఆఫ్రికా దానికి 14 రెట్లు. దృశ్యాలతో బోధించడం గురించి మాట్లాడేటప్పుడు మంచి బొమ్మ చేసే మేలే చెబుతాం. చెడ్డ బొమ్మ చేసే కీడు దానికంటే ఎక్కువ కాలం ఉంటుంది.

తెర ఆపి గ్రౌండులోకి వెళ్లండి

సౌరకుటుంబాన్ని ఎంత ఖరీదైన ప్యానెల్ మీద చూపించినా అబద్ధమే చూపించాలి. సైజులు సరిగా పెడితే దూరాలు పట్టవు, దూరాలు సరిగా పెడితే గ్రహాలు కనబడవు. అందుకే ఆ పాఠానికి ప్యానెల్ వద్దు. అట్టతో మీటరు వెడల్పున సూర్యుడిని కత్తిరించి గ్రౌండు ఒక కొసన నిలబెట్టండి. ఆ కొలతలో భూమి 9 మిల్లీమీటర్లు, ఒక కాబూలీ శనగ గింజ. దాన్ని పట్టుకుని 107 మీటర్లు నడవాలి. చంద్రుడు సజ్జగింజంత, భూమికి జానెడు కంటే కొంచెం దూరంలో, సుమారు 28 సెంటీమీటర్లలో. గురుడు 10 సెంటీమీటర్లు, పెద్ద బత్తాయి చాలు, కానీ దాన్ని అరకిలోమీటరు దాటి తీసుకెళ్లాలి. నెప్ట్యూన్ దగ్గరికి వెళ్లాలంటే 3 కిలోమీటర్లకు పైగా నడక, చాలామంది పిల్లలకు అది పక్క ఊరు.

శనగ గింజ దగ్గర నిలబడి వెనక్కి చూస్తే ఆ అట్ట సూర్యుడు ఆకాశంలో అసలు సూర్యుడు కనిపించేంత వెడల్పుతోనే కనిపిస్తాడు. సూర్యుడిని నేరుగా చూడనివ్వకండి. రాత్రి పున్నమి చంద్రుడితో పోల్చుకోమనండి, ఆకాశంలో ఇద్దరి వెడల్పూ దాదాపు సమానం. ఇప్పుడు ఫోను తీయండి. అట్ట సూర్యుడి దగ్గర మొదలుపెట్టి శనగ గింజ వరకు ఆపకుండా నడుస్తూ ఒకే షాట్‌గా తీయించండి. ఆ వీడియోలో చాలాసేపు మట్టి తప్ప ఏమీ ఉండదు. కత్తిరించొద్దు. అంతరిక్షంలో చాలావరకు ఏమీ లేదన్న సంగతి ఆ ఖాళీయే చెబుతుంది.

మాట తీసేయండి

తయారైన పాఠాల్లో ఒక గొంతు మొదటినుంచి చివరిదాకా మాట్లాడుతూనే ఉంటుంది, అదే మాట తెర మీద అక్షరాల్లోనూ నడుస్తుంది. రెండూ ఒకటే అయినప్పుడు పిల్లలు చదువుతారు, బొమ్మ చూడరు. ధ్వని ఆపేయండి. బొమ్మ నడవనివ్వండి, మాట పిల్లలను చెప్పనివ్వండి. క్రికెట్ వ్యాఖ్యానంలా ఒకరు చెబుతారు, తప్పితే ఇంకొకరు అందుకుంటారు. శ్రీకాకుళం పిల్ల తన యాసలో చెబుతుంది, నల్లగొండ పిల్లాడు తన యాసలో. ఏజెన్సీ బడుల్లో ఇది ఇంకా విలువైనది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో గోండి, కోయ, సవర, కొలామీ వంటి భాషల్లో మొదలైన బహుభాషా విద్య గుర్తున్నవాళ్లకు తెలుసు, తన భాషలో మాట్లాడనిస్తే మొదటి తరగతి పిల్ల ఎంత చెబుతుందో. మాటలేని వీడియోను ఏ భాషలోకీ అనువదించనక్కర్లేదు.

వినికిడి లోపం ఉన్న పిల్లలు తరగతిలో ఉంటే మాత్రం అక్షరాలు ఉండాల్సిందే. అక్కడ ఈ సలహా పక్కన పెట్టండి.

చూపించాలా, వినిపించాలా అన్న దగ్గరే ఇంకో మాట. చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు అని పిల్లలను విడగొట్టే పట్టికలు శిక్షణల్లో ఇంకా పంచుతున్నారు. వాటిని నింపకండి. హెరాల్డ్ పాష్లర్, మరి ముగ్గురు మనస్తత్వవేత్తలు 2008లో ఆ పరిశోధనలన్నీ తిరగేసి, పిల్లల శైలికి తగ్గట్టు బోధన మారిస్తే ఫలితం పెరుగుతుందనడానికి సరిపడా ఆధారం లేదని తేల్చారు. ఏ పద్ధతి వాడాలో పాఠమే చెబుతుంది. త్రిభుజం అందరూ చూడాలి, వేమన పద్యం అందరూ వినాలి.

మంచి కెమెరా కొనకండి, మంచి ఫాంటు వెతకకండి

ఫోను చాలు. రెండు వైపులా పుస్తకాల దొంతర పేర్చి, మధ్య ఒక స్కేలు అడ్డంగా పెట్టి, ఫోను కిందికి చూసేలా దాని మీద ఉంచండి. కింద కాగితం, మీ చేయి, ఒక స్కెచ్ పెన్ను. కిటికీ వెలుగు ఎడమవైపు నుంచి రావాలి, లేకపోతే చేతి నీడ గీత మీద పడుతుంది. సిద్ధంగా ఉన్న బొమ్మ చూపడం కంటే, గీస్తున్న చేయి కనిపించడం మంచిది, ఏ గీత ముందో ఏది వెనకో పిల్లలకు తెలుస్తుంది. డబ్బు పెట్టాలనిపిస్తే మైకు మీద పెట్టండి, మాట సరిగా వినబడని వీడియో ఎంత బాగా కనిపించినా వృథా. ఎడెక్స్ ఆన్‌లైన్ కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలించిన 2014 అధ్యయనంలో జనం ఆరు నిమిషాలలోపు వీడియోలనే ఎక్కువగా చివరిదాకా చూశారు. వాళ్లు కావాలని చేరిన పెద్దవాళ్లు. మన పిల్లలకు మూడు నిమిషాలు దాటనివ్వకండి.

తెలుగు అక్షరాల సంగతి ఎవరూ చెప్పరు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. అను ఫాంట్లలో కొట్టిన పాత నోట్సు కాన్వాలోకి తెస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లోనే కొట్టండి. సిలికానాంధ్ర ఉచితంగా అందించిన మండలి, శీర్షికలకు రామభద్ర, లేదా నోటో సాన్స్ తెలుగు సరిపోతాయి, ఇంకేమీ వెతకొద్దు. వీడియో ఎడిటింగులో వత్తులు విడిపోయి పక్కకు పడుతుంటే తప్పు ఫాంటుది కాకపోవచ్చు. అడోబ్ ప్రీమియర్‌లో దక్షిణాసియా లిపుల అమరిక ఎంచుకోవాలి. శాస్త్రీయం, రాష్ట్రం లాంటి మాటల్లో వత్తుల కింద వత్తులు దిగుతాయి, అవి కింది పంక్తి గుడులను తాకుతాయి. ఇంగ్లీషుకు సరిపోయిన పంక్తుల ఎడం తెలుగుకు చాలదు, బాగా పెంచండి. తయారయ్యాక చివరి బెంచీలో కూర్చుని చదవండి. వత్తు కనబడకపోతే మాటలు తగ్గించి అక్షరం పెంచండి.

పిల్లలకు ఇచ్చేయండి

ఇక్కడిదాకా చెప్పినవన్నీ టీచరు చేసే వీడియోల గురించి. అవి తగ్గించి, ఆ సమయం పిల్లలకు ఇవ్వమన్నది నా కోరిక. పాడుచేస్తారు, సిలబస్ వెనకబడుతుంది అంటారు. వెనకబడనివ్వండి.

కేరళలో 2018లో లిటిల్ కైట్స్ క్లబ్బులు మొదలయ్యాయి. రెండు వేలకు పైగా ఉన్నత పాఠశాలల్లో పిల్లలే యానిమేషన్, ఎలక్ట్రానిక్స్, మలయాళంలో కంప్యూటర్ వాడకం, సైబర్ భద్రత నేర్చుకుంటూ తోటివాళ్లకు నేర్పుతున్నారు. అంత పెద్ద వ్యవస్థ లేకపోయినా ఒక బడి, ఒక ఫోను, ఒక గిన్నెడు పెసలతో మొదలుపెట్టొచ్చు. తడి గుడ్డ మీద పెసలు పరిచి, ఫోను కదలకుండా బిగించి, పావుగంటకొక ఫొటో చొప్పున మూడు రోజులు తీయండి. 288 ఫొటోలు వస్తాయి. సెకనుకు 24 చొప్పున పేరిస్తే 12 సెకన్ల సినిమా. రాత్రంతా ఒకే బల్బు వెలగాలి, లేకపోతే బొమ్మ మిణుకుమిణుకుమంటుంది. సెకన్లు ఎన్ని, ఫొటోలు ఎన్ని అన్న లెక్క పిల్లలనే వేయనివ్వండి, ఐదో తరగతి భాగహారం అక్కడ పనికొస్తుంది. వేరు ముందు వచ్చిందా, మొలక ముందు వచ్చిందా అన్న ప్రశ్నకు జవాబు వాళ్ల సినిమాలోనే ఉంటుంది.

ఇక్కడ కూడా ఒక తలకిందుల నియమం ఉంది. కంప్యూటర్ చివర్లో ముట్టుకోవాలి. ముందు కాగితం మీద ఆరు గళ్లు గీసి, కథనాన్ని ఆరు బొమ్మల్లో గీయమనండి. ఏడో గడి అడుగుతారు, ఇవ్వకండి. నీటి చక్రాన్ని ఆరు గళ్లలో ఇమిడ్చేటప్పుడే ఏది వదిలేస్తే కథ తెగిపోతుందో వాళ్లకు తెలుస్తుంది. బొమ్మ బాగోలేకపోయినా ఫరవాలేదు. వాటర్లూ విశ్వవిద్యాలయం వారు 2016లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఒక మాటను మళ్లీ మళ్లీ రాసినవాళ్ల కంటే దాని బొమ్మ గబగబా గీసినవాళ్లకు అది ఎక్కువ గుర్తుంది, బొమ్మ వేయడం రాకపోయినా సరే. ఆరు గళ్లూ నిలబడ్డాకే స్క్రాచ్‌లోకో, కాన్వాలోకో, ఫోను కెమెరాలోకో వెళ్లండి.

విద్యుత్ వలయాల పాఠానికి కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ కంప్యూటర్ నమూనాలు ఉన్నాయి. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన పని అది. పిల్లలకు ఇచ్చేటప్పుడు ఏ బటన్ ఏమిటో చెప్పకండి. మొదటి ఐదు నిమిషాలు బ్యాటరీ కాలిపోనివ్వండి, ఆ మంట తెర మీదే ఉంటుంది. ఎందుకు కాలిందన్న ప్రశ్న వాళ్ల నోట వచ్చాక మీ పాఠం మొదలవుతుంది.

పిల్లలు చేసిన వీడియోల్లో ముఖాలు వద్దు, చేతులు చాలు. బడి వాట్సాప్ గ్రూపులో, యూట్యూబులో పెట్టేయాలన్న ఉత్సాహం సహజమే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు అందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. చట్టం సంగతి అటుంచినా, పన్నెండేళ్లప్పుడు తడబడిన మాట ఇరవై ఏళ్లకు కూడా నెట్‌లో వెంటాడటం ఆ పిల్లకు న్యాయం కాదు.

బాగుందా అని అడగకండి

వీడియో అయిపోయాక పిల్లలను బాగుందా, అర్థమైందా అని అడిగితే అందరూ అవుననే అంటారు. ముల్లర్ ప్రయోగంలో పెద్ద విద్యార్థులే అలా మోసపోయారు. మూడు రోజులు ఆగండి. తర్వాత ఏ సూచనా లేకుండా ఖాళీ కాగితాలు ఇచ్చి, గుండె గీసి రక్తం ఎటు పోతుందో బాణాలు పెట్టమనండి. మార్కులు వేయకండి. కాగితాలన్నీ బల్ల మీద పరిచి, బాణం ఎక్కడ ఆగిపోయిందో దాన్నిబట్టి కుప్పలు వేయండి. ఎక్కువమందికి అది ఊపిరితిత్తుల నుంచి తిరిగొచ్చే చోట ఆగిపోతుంది. ఎడమ కర్ణిక పటంలో కుడివైపు కనిపిస్తుంది కాబట్టి కొందరు అక్కడే తిరగబడతారు. అన్నింటికంటే పెద్ద కుప్ప ఏదో చూసి, మర్నాడు ప్యానెల్ వేయకముందే సుద్దముక్కతో ఆ ఒక్క మూలనే నల్లబల్ల మీద పెద్దగా గీయండి, బాణం మాత్రం పిల్లలను పెట్టనివ్వండి.